ఎఫ్ఎక్స్ ఆల్బమ్‌లలో ఏది ముందు, ఏది వెనుక

దక్షిణ కొరియా గర్ల్ గ్రూపుల లెక్కలో చూస్తే ఎఫ్ఎక్స్ పాటల చిట్టా చిన్నదే. 2009 సెప్టెంబర్‌లో రంగంలోకి దిగి 2016 దాకా పాటలు విడుదల చేసిన ఈ గ్రూప్ పేరు మీద నాలుగు పూర్తి ఆల్బమ్‌లు, రెండు మినీ ఆల్బమ్‌లు, కొన్ని విడి పాటలు ఉన్నాయి. ఇంత కొద్ది సరుకును వరసలో పెట్టడం ఎంతసేపు అనిపిస్తుంది. కానీ కె-పాప్‌ను, అంటే కొరియన్ పాప్ సంగీతాన్ని, ఇష్టంగా వినేవాళ్ల మధ్య ఈ వరస ఇప్పటికీ తెగలేదు. పింక్ టేప్ మేలా, ఫోర్ వాల్స్ మేలా అని మొదలయ్యే వాదన, రెడ్ లైట్‌ను ఎక్కడ పెట్టాలన్న దగ్గరికి వచ్చేసరికి ముదురుతుంది.

ఎఫ్ఎక్స్ ఎస్ఎం ఎంటర్‌టైన్‌మెంట్ కంపెనీ తయారుచేసిన గ్రూప్. చైనాలోని చింగ్‌దావ్ నుంచి వచ్చిన విక్టోరియా లీడర్. లాస్ ఏంజెలెస్‌లో పెరిగిన తైవానీస్ అమెరికన్ ఆంబర్ ర్యాపర్. గొంతు బరువంతా మోసేది లూనా. సల్లి, క్రిస్టల్ వయసులో చిన్నవాళ్లు. క్రిస్టల్ అక్క జెస్సికా అప్పటికే అదే కంపెనీలోని గర్ల్స్ జనరేషన్‌లో పెద్ద స్టార్. అందరు అమ్మాయిలూ ఒకే తీరు గౌన్లు వేసుకుని స్టేజీ ఎక్కే కాలంలో పొట్టి జుట్టుతో, ప్యాంటుతో ఆంబర్ నిలబడటమే ఈ గ్రూప్ వేరే దారి పడుతుందని చెప్పింది. ఆ దారి ఏమిటో తేలడానికి మాత్రం కొంత కాలం పట్టింది.

ర్యాంకింగ్ అనగానే చాలామంది అమ్మకాల దగ్గరికి వెళతారు. కొరియాలో ఆ లెక్కతో సంగీతం గురించి తెలిసేది తక్కువ. అక్కడ ఆల్బమ్ అంటే సీడీతో పాటు ఫొటో పుస్తకం, పెట్టె, ఏది వస్తుందో తెలియని ఫొటోకార్డు అన్నీ కలిసిన వస్తువు. నచ్చిన కార్డు కోసం ఒకే అభిమాని అదే ఆల్బమ్‌ను పదిసార్లు కొనడం మామూలే. పైగా ఎఫ్ఎక్స్ ఆల్బమ్‌లు వచ్చిన ఏళ్లకూ ఇప్పటి మార్కెట్‌కూ పోలికే లేదు. టైటిల్ పాటను బట్టి తీర్పు చెప్పడం రెండో అలవాటు. వీడియో తీసి, టీవీ మ్యూజిక్ షోలలో వారాల తరబడి ఆడించే పాట అదొక్కటే కాబట్టి ఆల్బమ్ అంటే అదే అనుకుంటారు. తెలుగు శ్రోతలకు ఇది కొత్తేమీ కాదు. సినిమా ఆడియో వచ్చినప్పుడు ఒక్క పాట హోరెత్తిపోయి మిగతా అయిదూ వెనకబడటం మనకూ తెలిసిందే. కానీ ఆల్బమ్‌కు ర్యాంకు ఇస్తున్నప్పుడు ఆ మిగతా పాటల లెక్క తేలాలి.

మరి ఏ కొలత పెట్టాలి? ఇక్కడ ఒక చిక్కుంది. కె-పాప్‌లో పాడేవాళ్లు పాట రాయడం తక్కువ, ఆ రోజుల్లో మరీ తక్కువ. స్వీడన్, డెన్మార్క్, బ్రిటన్, అమెరికాల్లోని రచయితలు ఇంగ్లిష్‌లో డెమో పాటలు చేస్తారు. ఎస్ఎం వంటి కంపెనీ వాటిని కొని, ఏది ఎవరికి సరిపోతుందో చూసి పంచుతుంది. ఆ తర్వాత కొరియన్ రచయితలు కొత్త సాహిత్యం రాస్తారు. పనికొస్తుందనుకున్న ట్యూన్ ఒక గ్రూప్‌కు కాకపోతే ఇంకో గ్రూప్‌కు వెళుతుంది. ఇలాంటి పద్ధతిలో తయారైన ఆల్బమ్‌ను ఆ గ్రూప్‌ది అని ఎందుకనాలి అన్నదే అసలు ప్రశ్న. అందుకని ఇక్కడ పెట్టుకున్న కొలత ఇది: కవర్ మీద పేరు తీసేసి, ఈ పాటలనే అదే కంపెనీలోని ఇంకో గ్రూప్ చేత పాడిస్తే ఆల్బమ్‌కు ఏమైనా నష్టమా? నష్టం ఎంత ఎక్కువైతే ర్యాంకు అంత పైకి.

ఈ కొలతకు ఎఫ్ఎక్స్ బాగా సరిపోతుంది. ఎందుకంటే వీళ్ల టైటిల్ పాటల్లో ఒక వింత అలవాటు మొదటి నుంచీ కనిపిస్తుంది. ప్రేమ పాటే, కానీ చూపు ప్రేమికురాలిది కాదు, ప్రయోగశాలలో కూర్చున్న పిల్లది. ‘ను ఏబీఓ’ అనే పాటలో విషయం రక్తం గ్రూపు. కొరియాలో రక్తం గ్రూపును బట్టి మనిషి స్వభావం చెప్పే సరదా బాగా ఉంది, ఈ పాట ఉన్నవి చాలవని కొత్త గ్రూపునే ప్రకటిస్తుంది. పినోకియోలో నచ్చిన అబ్బాయిని ముక్కలుగా విడదీసి మళ్లీ బిగించి చూడాలన్న కుతూహలం. ఎలక్ట్రిక్ షాక్‌లో కరెంటు. రమ్ పమ్ పమ్ పమ్‌లో అయితే పాడేది చిగురును చీల్చుకుని అడ్డంగా వస్తున్న జ్ఞానదంతం. మిగతా గ్రూపులు నచ్చినవాణ్ని కొరియన్ అలవాటు ప్రకారం ‘ఒప్పా’ (మాటకు అర్థం అన్నయ్య) అని పిలిచి మనసు చెప్పుకుంటున్న రోజుల్లో వీళ్లు దంతవైద్యుడి దగ్గరికి వెళ్లారు. గర్ల్స్ జనరేషన్ ఈ పాట పాడితే ఎలా ఉంటుందో ఊహించుకోవడం కూడా కష్టం.

2010 మే నెలలో వచ్చిన మినీ ఆల్బమ్ ను ఏబీఓ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఆరు పాటల్లో టైటిల్ పాట ఒక్కటే ఎఫ్ఎక్స్‌ది. మిస్టర్ బూగీ హుషారుగా సాగిపోతుంది. లూనా, క్రిస్టల్ ఇద్దరే పాడిన సారీ (డియర్ డాడీ) చక్కటి పాటే గానీ, ఆ ఏడాది కొరియాలో ఏ గ్రూప్ ఆల్బమ్‌లోనైనా చివర పెట్టగల మెలోడీ. ఆరింటిలో ఆరో స్థానం.

మొదటి పూర్తి ఆల్బమ్ పినోకియో 2011 ఏప్రిల్‌లో వచ్చింది. టైటిల్ పాట ఇప్పటికీ పదును తగ్గలేదు. సింథ్ శబ్దం గరుకుగా, మాటలు నాలుక మడతపడేలా ఉండి, కోరస్ ఏదో పిల్లల ఆట పాటలా తిరుగుతుంది. అది దాటాక ఆల్బమ్ సర్దుకుపోతుంది. గ్యాంగ్‌స్టా బాయ్ వరకు కొంత ఊపు ఉంటుంది, బ్యూటిఫుల్ గుడ్‌బై దగ్గర లూనా గొంతు వినడం హాయి. కానీ పది పాటలూ అయ్యాక పది వేరు వేరు చోట్ల నుంచి ఏరుకొచ్చినట్టే ఉంటుంది. అదే కంపెనీ బాయ్ గ్రూప్ షైనీతో కలిసి పాడిన లాలీపాప్ ఈ ఆల్బమ్ కోసం పుట్టిన పాట కూడా కాదు, అంతకుముందే ఒక సెల్‌ఫోన్ ప్రచారానికి చేసింది.

రెండు నెలలకే దీన్ని హాట్ సమ్మర్ పేరుతో రీప్యాకేజ్ చేశారు. అంటే పాత ఆల్బమ్‌కే కొత్త పాటలు కలిపి, కవర్ మార్చి మళ్లీ అమ్మడం. అభిమాని జేబుకు రెండోసారి చిల్లు పెట్టే ఈ ఆచారం కె-పాప్‌లో ఇప్పటికీ నడుస్తోంది. హాట్ సమ్మర్ పాట పెద్ద హిట్టే, వేసవి వస్తే ఈనాటికీ వినిపిస్తుంది. కానీ పైన పెట్టుకున్న కొలతకు అది ఎదురు నిలబడదు. జర్మనీకి చెందిన మోన్‌రోజ్ అనే గర్ల్ గ్రూప్ 2007లోనే పాడేసిన పాట అది. వేరే గ్రూప్ పాడితే ఎలా ఉండేదని ఊహించే పని కూడా లేదు, విని చూడవచ్చు. అందుకే పినోకియోకు అయిదో స్థానం.

2012 జూన్‌లో వచ్చిన ఎలక్ట్రిక్ షాక్ కూడా మినీ ఆల్బమే, ఆరు పాటలే. అయినా మొదటి పూర్తి ఆల్బమ్ కన్నా గట్టిగా నిలుస్తుంది. మొదటిసారి ఆరు పాటలూ ఒకే కుటుంబంలో పుట్టినట్టు వినిపిస్తాయి. జెట్, జిగ్ జ్యాగ్ పాటల్లో శబ్దాలు పదునుగా, కురచగా, ఖాళీ వదిలి ఉంటాయి. టైటిల్ పాట చరణాల్లో ఒక ఆట ఉంది. కరెంటు షాక్‌కు కొరియన్ మాటలోని నాలుగు అక్షరాలను ఒక్కో పంక్తి మొదట్లో పెట్టి, ఒక్కోదాన్ని మూడుసార్లు తడబడేలా పలికిస్తారు. విన్నవాళ్లకు భాష రాకపోయినా ఆ తడబాటు చెవికి తగులుతుంది. ట్యూన్ బయటినుంచి కొన్నా, సాహిత్యం దాన్ని సొంతం చేయగలదని చూపించిన పాట ఇది. నిడివి చిన్నది కావడం వల్లే నాలుగో స్థానం. ఇదే తీరులో ఇంకో నాలుగు పాటలు ఉండి ఉంటే పైన ఉన్న ఒక ఆల్బమ్‌కు ఇబ్బంది అయ్యేది.

ఇక మిగిలినవి మూడు. అసలు చర్చ వీటి మీదే.

మామూలుగా జాబితాలు వేసేవాళ్లు ఫోర్ వాల్స్‌ను మొదటి స్థానంలోనో రెండో స్థానంలోనో పెడతారు. 2015 అక్టోబర్‌లో వచ్చిన ఈ ఆల్బమ్‌లో పది పాటలు. ఆ ఏడాది ఆగస్టులో సల్లి గ్రూప్ నుంచి వెళ్లిపోయింది కాబట్టి నలుగురితో చేసిన మొదటి, చివరి ఆల్బమ్ ఇదే. విడుదలకు ముందు సోల్‌లోని ఇటేవాన్‌లో ఒక ఆర్ట్ ఎగ్జిబిషన్ పెట్టి ప్రచారం చేశారు. టైటిల్ పాట చేసింది లండన్ నాయిస్ అనే బ్రిటిష్ జంట. డీప్ హౌస్ అనే క్లబ్ డ్యాన్స్ సంగీతం, తొందరపడని బీటు, ఎక్కడా గొంతు పెంచని గానం. వీడియోలో టీ కప్పు కింద పడటం, అదే ఘడియ మళ్లీ మళ్లీ తిరిగిరావడం. కె-పాప్ అంటే హడావిడి అనుకునేవాళ్లకు వినిపించాల్సిన మొదటి పాటల్లో ఇదొకటి, అందులో అనుమానం లేదు.

ఆల్బమ్ మొత్తం కూడా అంత శుభ్రంగానే ఉంటుంది. గ్లిటర్, డెజా వూ, ఎక్స్, రూడ్ లవ్ ఒకదాని వెనక ఒకటి జారిపోతాయి. జికో ర్యాప్‌తో ట్రావెలర్ కాస్త ఊపిరి పీల్చుకునే చోటు. చివరి పాట వెన్ ఐయామ్ అలోన్ రాసినవాళ్లలో కెనడా గాయని కార్లీ రే జెప్సెన్ ఉంది. క్రిస్టల్, లూనా గొంతులు ఆ పాటలో ఎంత తేలిగ్గా కలిసిపోతాయో చెప్పడానికి మాటలు చాలవు. ఒక్క పాట కూడా దాటెయ్యాలనిపించని ఆల్బమ్ కావాలంటే ఎఫ్ఎక్స్ చిట్టాలో ఇదే.

అయితే దీన్ని మూడో స్థానంలో ఎందుకు పెట్టాలి? అదే ఏడాది మే నెలలో షైనీ పాడిన వ్యూ పాటను పక్కన పెట్టి వినాలి. అదీ హౌస్ సంగీతమే, చేసింది కూడా లండన్ నాయిస్ జంటే. ఆ ఏడాది ఎస్ఎం కంపెనీకి ఆ సౌండ్ మీద మోజు పట్టింది, అందులో ఎఫ్ఎక్స్‌కు మంచి వాటా దక్కింది. రెండూ గొప్ప పాటలే. కానీ ఫోర్ వాల్స్‌లో వినిపించేది కంపెనీ అభిరుచి. గ్రూప్ స్వభావం అంతగా వినిపించదు. రక్తం గ్రూపులు, మరబొమ్మలు, పళ్ల నొప్పులు పోయి, ప్రేమ అంటే నాలుగు గోడల అందమైన గది అయింది. ఆంబర్ ర్యాప్ కూడా మర్యాద నేర్చుకుంది. ఇంత నాణ్యమైన ఆల్బమ్‌ను ఇంకో నలుగురు మంచి గాయనుల చేత పాడించినా తొంభై శాతం నిలబడుతుందన్నదే దీని లోటు. ఇది చాలామందికి అన్యాయంగా అనిపించవచ్చు. ఆల్బమ్‌లో తప్పు పట్టడానికి ఏమీ లేకపోవడాన్నే తప్పుగా చూపడం ఏమిటని అడగవచ్చు. ఒకే తీరుగా ఉండటమే కొలత అనుకుంటే వాళ్ల మాటే నిజం, అప్పుడు ఇదే మొదటిది.

రెడ్ లైట్ సరిగ్గా దీనికి వ్యతిరేకం. 2014 జులైలో పదకొండు పాటలతో వచ్చింది. టైటిల్ పాట మొదటిసారి వింటే నచ్చడం కష్టం. ఇనుము మీద ఇనుము కొట్టినట్టు బీటు, పరుగెత్తుతూ ఉన్నట్టుండి ఆగిపోయే కోరస్, ఇది నిజంగా జరుగుతున్నదే అన్న హెచ్చరిక. సాహిత్యం ఎస్ఎం ఆస్థాన రచయిత్రి కెంజీది. ఆ ఏడాది ఏప్రిల్ 16న సెవోల్ నౌక మునిగి మూడు వందల మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది హైస్కూల్ పిల్లలు. మూడు నెలలు తిరక్కుండా, ఆగి చుట్టూ చూడమని చెప్పే పాట వచ్చేసరికి కొరియాలో కొందరు దాన్ని ఆ ప్రమాదానికి ముడిపెట్టి విన్నారు. ఆ ఉద్దేశంతో రాసినా రాయకపోయినా, వేసవిలో గర్ల్ గ్రూప్ పాట అంటే సముద్రతీరం అనుకునే దేశంలో ఎర్ర లైటు వేసి నిలబెట్టడం తేలికైన నిర్ణయం కాదు.

రెడ్ లైట్‌లో లోపాలు లేవని కాదు. వకాన్స్, బూమ్ బ్యాంగ్ బూమ్ దగ్గర వినేవాడి ధ్యాస పక్కకు పోతుంది. సమ్మర్ లవర్ ఈ చీకటి ఆల్బమ్‌లోకి దారి తప్పి వచ్చినట్టుంటుంది. కానీ మొదటి అయిదు పాటలు, అంటే రెడ్ లైట్, మిల్క్, బటర్‌ఫ్లై, రెయిన్‌బో, ఆల్ నైట్ వరసగా వింటే, ఎఫ్ఎక్స్ ఇంత ధైర్యంగా మరెక్కడా లేదనిపిస్తుంది. ఒక్కో పాట ఒక్కో చోట నుంచి వచ్చినా ఒకే మనిషి ఎంచుకున్నట్టుంటుంది. ఆల్ నైట్ ఫంక్ పాటే, కానీ అందులో కూడా ఎవరో కిటికీలోంచి గమనిస్తున్న భావం పోదు. డ్రాక్యులా సంగతి చెప్పనే అక్కర్లేదు. చివర పేపర్ హార్ట్ వచ్చి గిటారుతో తేలికపరుస్తుంది. లోపాలున్నా ఇది ఎవరికీ అప్పగించలేని ఆల్బమ్. ఇదే కంపెనీ వేరే గ్రూప్ చేత రెడ్ లైట్ పాడిస్తే జనం నవ్వేవాళ్లు.

దీనికి రావాల్సిన పేరు రాకపోవడానికి సంగీతంతో సంబంధం లేని కారణం ఒకటుంది. విడుదలైన నెలలోనే సల్లి విరామం తీసుకుంటోందని కంపెనీ ప్రకటించింది, ప్రచారం మధ్యలో ఆగిపోయింది. ఆగస్టు మొదట్లో అదే కంపెనీ రెడ్ వెల్వెట్ అనే కొత్త గర్ల్ గ్రూప్‌ను ప్రవేశపెట్టింది, చూపులన్నీ అటు తిరిగాయి. 2019 అక్టోబర్‌లో సల్లి మరణం తర్వాత ఆమె పాడిన చివరి ఆల్బమ్‌గా రెడ్ లైట్‌ను వినేవాళ్లు పెరిగారు. ఆ దుఃఖం ఆల్బమ్‌కు ఇప్పుడు వేరే రంగు పూస్తోంది. ర్యాంకింగ్‌లో దాన్ని కలపకూడదు. కలపకపోయినా ఇది రెండో స్థానానికి అర్హమే.

మొదటి స్థానం పింక్ టేప్‌ది. ఇందులో కొత్తదనం ఏమీ లేదు, ఎక్కువమంది చెప్పేది ఇదే. 2013 జులై 29న పన్నెండు పాటలతో వచ్చింది. ఆ మార్చిలోనే ఈ గ్రూప్ అమెరికాలోని ఆస్టిన్‌లో జరిగే సౌత్ బై సౌత్‌వెస్ట్ ఉత్సవంలో పాడి వచ్చింది. ఆల్బమ్‌ను పాత వీడియో క్యాసెట్ ఆకారంలో గులాబీ పెట్టెలో పెట్టి అమ్మారు. విడుదలకు ముందు పాటల ముక్కలను వినిపిస్తూ ఒక చిన్న ఆర్ట్ ఫిల్మ్ వదిలారు. ఈ దృశ్యాల వెనక ఉన్నది అప్పట్లో ఎస్ఎంలో ఆర్ట్ డైరెక్షన్ చూసిన మిన్ హీ-జిన్. తర్వాత కంపెనీ మారి 2022లో న్యూజీన్స్ అనే గర్ల్ గ్రూప్‌ను తెచ్చింది ఆవిడే. న్యూజీన్స్ వీడియోలు చూసి ఎఫ్ఎక్స్ గుర్తొచ్చిందన్న పాత అభిమానుల మాటలో అతిశయోక్తి లేదు. అమెరికన్ సంగీత చానెల్ ఫ్యూజ్ ఆ ఏడాది మేటి ఆల్బమ్‌ల జాబితాలో పింక్ టేప్‌ను చేర్చింది. అందులో కె-పాప్ నుంచి చోటు దొరికింది దీనికొక్కదానికే.

కొత్తదనం లేకపోయినా ఎందుకు మొదటిదో చెప్పుకోవాలి. రమ్ పమ్ పమ్ పమ్ డప్పులు ఆగగానే షాడో మొదలవుతుంది. సంగీతపు పెట్టె తెరిచినట్టు సన్నటి గంటల చప్పుడు, పిల్లల పాట అంత అమాయకమైన ట్యూన్. మాటలు వింటే, నచ్చినవాడికి తెలియకుండా వెనకాలే నడుస్తున్న అమ్మాయి కథ. ఈ జంట పాటల్లోనే ఆల్బమ్ పద్ధతంతా ఉంది: పైకి తీపి, లోపల తేడా. సిగ్నల్ డిస్కో మీద తేలుతుంది, స్టెప్ బాకాలతో దద్దరిల్లుతుంది. వెంటనే ఎక్సో గ్రూప్ డీ.ఓ. తోడుగా ఆంబర్, లూనా, క్రిస్టల్ పాడిన గుడ్‌బై సమ్మర్ వచ్చి, బడి రోజుల్లో చెప్పకుండా మిగిలిపోయిన ఇష్టం గురించి మాట్లాడుతుంది. తర్వాత ఎయిర్‌ప్లేన్. కూలుతుందని తెలిసే ఎక్కిన విమానంలాంటి ప్రేమ. ట్యూన్ మాత్రం ఆకాశంలోకి తీసుకుపోతూనే ఉంటుంది. ఎఫ్ఎక్స్ మొత్తం చిట్టాలో ఒక్క పాట మిగల్చమంటే చాలామంది మిగల్చేది ఇదే. టైటిల్ పాట కాదు, వీడియో లేదు, అయినా అంతే.

ఇక్కడ సాహిత్యం చేసిన పని చూడాలి. ట్యూన్లు ఎప్పటిలాగే రకరకాల దేశాల నుంచి వచ్చాయి. హౌస్, డిస్కో, గిటారు పాప్, ఎలక్ట్రానిక్, అన్నీ ఉన్నాయి. సంగీతం వరకే చూస్తే ఫోర్ వాల్స్ కన్నా చాలా చెల్లాచెదురు. కానీ పన్నెండింటిలో ఎక్కువ పాటలకు ఒకే కన్ను ఉంది. దంతం, నీడ, విమానం, చివరి పేజీ. తమ మనసునే ఒక వస్తువుగా ఎదురుగా పెట్టుకుని తిప్పి తిప్పి చూసే ఆ చూపు ఆల్బమ్‌ను కుడుతుంది. నో మోర్ ఒక్కటి ఈ కుట్టులోంచి బయటికి వస్తుంది, అది లేకపోయినా పోయేదేమీ లేదు. పాడే తీరులో కూడా అదే పొందిక. సల్లి గొంతు బలమైనది కాదని ఎప్పుడూ విమర్శ ఉండేది. షాడోలో ఆ సన్నటి గొంతే పాటకు ప్రాణం. అదే పాటను పూర్తిగా లూనా చేత పాడిస్తే బాగా పాడేది, భయం పోయేది.

కాబట్టి వరస ఇలా తేలుతుంది: పింక్ టేప్, రెడ్ లైట్, ఫోర్ వాల్స్, ఎలక్ట్రిక్ షాక్, పినోకియో, ను ఏబీఓ. రెండు, మూడు స్థానాలు తారుమారు చేస్తామనేవాళ్లతో పెద్దగా పేచీ పెట్టుకోనక్కర్లేదు. ఫోర్ వాల్స్ తర్వాత 2016 జనవరిలో సోల్ ఒలింపిక్ హాల్లో మొదటి సొంత కచేరీ జరిగింది. వచ్చిన ఆరేళ్లు దాటాక మొదటి కచేరీ అంటే కంపెనీ ఈ గ్రూప్‌ను ఎంత శ్రద్ధగా చూసిందో అర్థమవుతుంది. ఆ జులైలో ఆల్ మైన్ అనే విడి పాట వచ్చింది. కొరియాలో అదే ఆఖరి విడుదల. 2019 నుంచి ఒక్కొక్కరే కంపెనీ వదిలారు. అయిదో ఆల్బమ్ రాలేదు.

మొదటిసారి వినబోయేవాళ్లు మాత్రం ఈ వరసలో వినకపోవడమే మంచిది. ఫోర్ వాల్స్‌తో మొదలుపెడితే చెవి తేలిగ్గా అలవాటవుతుంది. పింక్ టేప్‌ను పాటలు అటూ ఇటూ మార్చకుండా ఒకే వరసలో వినాలి. రెడ్ లైట్ మొదటి వినికిడికి నచ్చకపోతే వారం వదిలేసి, మిల్క్ నుంచి మళ్లీ ఎత్తుకోవచ్చు. పినోకియో ఆల్బమ్‌లో టైటిల్ పాట, గ్యాంగ్‌స్టా బాయ్ వింటే సరిపోతుంది. హాట్ సమ్మర్ ఎలాగూ ఎక్కడో ఒకచోట చెవిన పడుతుంది.